నిర్మల చేతి మీద నా షుగరు

మే 4, ఆదివారం

ఇందుజ పొద్దున్నే తాడేపల్లిగూడెం నుంచి కారేసుకుని దిగింది. కూతురు వస్తోందని కొర్రమీను పులుసు పెట్టాను. అది పులుసు గిన్నె వైపు కూడా చూడలేదు. నా జాకెట్టు చెయ్యి పైకి మడిచి, వెనకవైపు ఏదో గుండ్రటి బిళ్ళ టక్కున గుచ్చేసింది.

"నొప్పుందా అమ్మా?" అంది గుచ్చాక. గుచ్చే ముందు అడగాలని వాళ్ళ కాలేజీలో చెప్పరు కాబోలు. అది అక్కడ పిల్లలకి పోషకాహారం పాఠాలు చెబుతుంది. ఆదివారాలు ఆన్‌లైన్లో షుగరు ఉన్నవాళ్ళకి ఒక క్లాసు కూడా పెట్టింది.

ఇది షుగరు చూసే సెన్సారట. రెండు వారాలు చేతికే ఉంటుంది. ఫోన్ ఆనిస్తే అంకె చెబుతుంది, గీత గీస్తుంది. ఆ గీత తాడేపల్లిగూడెంలో దాని ఫోన్లోనూ కనపడుతుంది. అసలు సంగతి ఇదీ. ఎనిమిది గంటలకోసారైనా ఆనించకపోతే గీత మధ్యలో తెగిపోతుందట. తెగితే ఫోన్ చేస్తానంది.

"మందులు మానమని నేను చెప్పనమ్మా. తిండి మార్చమంటాను. ముందు కూర, తర్వాత గుడ్డో చేపో, చివర్న పిడికెడు అన్నం. ఎవరి ఒంటికి ఏది పడుతుందో వాళ్ళే ప్రయోగం చేసి తెలుసుకోవాలి."

ఉండిలో వరి పండించే మనిషి ముందు పిడికెడు అన్నం అనొచ్చా? మా ఆయన కంచం తీసుకుని వరండాలోకి వెళ్ళిపోయారు. అక్కడ రెండోసారి వడ్డించుకున్న చప్పుడు లోపలికి వినపడింది.

తిన్నదంతా రాసుకోమంది ఇందుజ. అందుకే ఎరువుల షాపువాళ్ళు ఆయనకిచ్చిన ఈ డైరీ తీశాను. తిన్నదంతా రాస్తాను. దానికి చూపిస్తానని మాత్రం అనలేదు.

మే 6, మంగళవారం

నూజివీడు చిన్నరసాలు వచ్చాయి. ఆయన బుట్టెడు తెచ్చారు. ఒకటి తిన్నాను. ఒకటే.

ఇంకోటి బాగా చిన్నది.

కాసేపటికి ఫోన్. "అమ్మా, మామిడిపండా?"

"లేదే, కాకరకాయ వేపుడు."

"కాకరకాయకి రెండువందల నలభై రాదమ్మా."

పదేళ్ళుగా షుగరుకి మాత్ర వేసుకుంటున్నాను. డాక్టర్ని మూడు నెలలకోసారి మోసం చేస్తే సరిపోయేది. పరీక్షకి వారం ముందు నుంచి చపాతీ తింటే చాలు. ఇప్పుడు పూటపూటా దొరికిపోతున్నాను.

మే 9, శుక్రవారం

ఒప్పుకోవాలి, ఇందులో సరదా ఉంది.

ఉత్త మామిడిపండు తింటే గీత తాడిచెట్టెక్కింది. రెండు ఉడకబెట్టిన గుడ్లు, గోరుచిక్కుడు కూర తిని ఆ తర్వాత అదే పండు తింటే కొబ్బరిచెట్టు దగ్గర ఆగింది. తినేసి కాలేజీ రోడ్డు చివరిదాకా నడిచొస్తే జామచెట్టు ఎత్తే. పండు మారలేదు, నేను మారలేదు. వరస మారిందంతే. అరవై రెండేళ్ళుగా ఈ ఒంట్లో కాపురం ఉంటున్నాను. లోపల ఏం జరుగుతోందో ఒక్కసారీ తొంగి చూడలేదు.

నా గీతని ఇందుజ తన క్లాసులో చూపించిందట. పేరు చెప్పకుండా, "ఏలూరు దగ్గర వట్లూరులో ఉండే ఒక గృహిణి" అందట. అందరూ చప్పట్లు కొట్టారట.

మే 11, ఆదివారం

చద్దన్నం, మజ్జిగ, ఉల్లిపాయ. గీత వేడన్నానికి ఎగిరినంత ఎగరలేదు. నా ఒంటికి ఇది పడింది. ఆయన వీధంతా చెప్పొచ్చారు, వరి గెలిచిందని.

మే 14, బుధవారం

పక్కింటి నిర్మల వచ్చింది. హిందీ టీచరుగా చేసి రిటైరయింది, చర్చిలో పాటలకి పెద్ద గొంతు తనదే. కొడుకూ కోడలూ డ్యూటీలకి పోయాక మా ఇంట్లోనే సగం రోజు. మునక్కాడలా ఉంటుంది. నేను గుడ్లూ గోరుచిక్కుడూ నములుతుంటే ఎదురుగా కూర్చుని మూడు రసాలు టెంకలు తెల్లబడేదాకా చీకింది.

ఈమధ్య ఇంకా సన్నబడింది. జాకెట్లు వదులయ్యాయని మళ్ళీ కుట్టించుకుంటోంది. ఎండలకి సీసాలకొద్దీ నీళ్ళు తాగుతుంది. మా ఇంట్లో కూర్చున్న కాసేపట్లోనే రెండుసార్లు లేచి బాత్‌రూమ్‌కి వెళ్ళింది. అన్ని నీళ్ళు తాగితే వెళ్ళరూ? కొందరి ఒళ్ళు అంతే, ఎంత తిన్నా అంటదు. నాకెంత అసూయో.

"మీ ఇంట్లో ఎవరికీ షుగరు లేదా వదినా?" అని అడిగాను.

"మా వంశంలోనే లేదు. మాది మండవల్లి. కొల్లేటి నీళ్ళు తాగిన ఒళ్ళు," అంది చేతులు కడుక్కుంటూ.

మే 18, ఆదివారం

మొదటి బిళ్ళ గడువు అయిపోయింది, పీకేశాను. ఇందుజ ఇచ్చి వెళ్ళిన రెండోది డబ్బాలో ఉంది. "నువ్వే పెట్టుకోగలవు కదమ్మా," అంది ఫోన్లో. పెట్టగలను. ఎవరికి పెట్టాలన్నదే ఆలోచిస్తున్నాను.

రసాలు మహా అయితే ఇంకో రెండు వారాలు. ఆ తర్వాత ఏడాదిదాకా కళ్ళతో చూడలేం. జూన్ నుంచి బుద్ధిగా ఉంటాను.

మధ్యాహ్నం నిర్మల చర్చి నుంచి రాగానే చెప్పాను. కళ్ళజోడు జారేదాకా నవ్వింది.

"అంటే నువ్వు తింటావు, లెక్క నా చెయ్యి చెబుతుందన్నమాట. పాపం కదూ వదినా?"

"పాపం నాది. చెయ్యి మాత్రం నీది."

నవ్వుతున్నదల్లా ఆగింది. బిళ్ళని వేలితో తిప్పి తిప్పి చూసింది. భయపడిందేమో, వద్దంటుందేమో అనుకున్నాను. "అంకె ఎంతొచ్చిందో నాకూ చెబుతావా?" అంది.

"చెప్పకేం?"

చెయ్యి చాపింది. టక్కు.

సాయంత్రం వెళ్ళి ఫోన్ ఆనించాను. రెండువందల అరవై ఎనిమిది.

"ఎంత?" అంది.

"నూట పది. నీకేంటి వదినా!"

"దేవునికి స్తోత్రం," అని పొడుగ్గా ఊపిరి వదిలింది. కొత్త బిళ్ళ మొదటి రోజు తిక్కతిక్కగా చూపిస్తుందని ఇందుజే అంది. ఉత్తపుణ్యాన ఆవిణ్ణి కంగారు పెట్టడం ఎందుకు?

మే 19, సోమవారం

"అమ్మా, పరగడుపున రెండువందల ఇరవై ఏంటి? రాత్రి ఏం తిన్నావు?"

రాత్రి నేను మూడు రసాలు తిన్నాను. వాటికి తిట్టు పడలేదు. నిర్మల రెండు పుల్కాలూ బీరకాయ కూరా తిందట. వాటికి నన్ను తిట్టింది.

మే 21, బుధవారం

ఇదేం గోలో నాకర్థం కావడం లేదు. ఏ పూట చూసినా రెండువందల యాభై, రెండువందల ఎనభై. ఇందుజ రోజుకి రెండుసార్లు ఫోన్ చేస్తోంది. గీత దిగాలంటే నిర్మల నోరు కట్టెయ్యాలి. పొద్దున్నే కొర్రల ఉప్మా పట్టుకెళ్ళాను. మధ్యాహ్నం కాకరకాయ రసం. సాయంత్రం ఎండ తగ్గగానే రైలు గేటుదాకా నడిపించాను.

"ప్రయోగం నీ మీద కదా వదినా, కాకరకాయ నాకెందుకు?" అంది మొహం చిట్లించి.

"తోడుకి."

నేను తప్పించుకోవాలనుకున్న తిండంతా వండి ఆవిడకి మోస్తున్నాను. ఆవిడ మీద పెట్టే కాపలా నా మీద నేను పెట్టుకుని ఉంటే ఈపాటికి మాత్రే తగ్గించేసేవారు.

"చెల్లెమ్మ ఇంటికి పూటకోసారి ఫోన్ పట్టుకుని ఏంటే?" అన్నారాయన.

"హిందీ నేర్చుకుంటున్నాను."

"ఏదీ, ఓ ముక్క చెప్పు."

"ఆప్ చుప్ రహియే."

మీరు నోరు మూసుకోండి అని. బాగా వస్తోందన్నారు.

మే 23, శుక్రవారం

మిషన్ చెడిపోయింది.

మే 24, శనివారం

కచ్చితంగా చెడిపోయింది. వేలికి గుచ్చి చూసే పాత మిషన్‌తో నిర్మలకి ఒకసారి చూస్తే తేలిపోతుంది. స్ట్రిప్పులు అయిపోయాయి.

మే 25, ఆదివారం

ఆయన స్ట్రిప్పులు తెచ్చారు. ఫ్రిజ్ మీద పెట్టాను. నిర్మల చర్చి నుంచి అలిసిపోయి వచ్చి ఉంటుంది, పిలవలేదు.

మే 26, సోమవారం

ఇందుజ ఈసారి తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"అమ్మా, బుధవారం సెలవు పెట్టి వస్తున్నాను. ఏలూరులో డాక్టరుగారితో మాట్లాడాను. ఇన్సులిన్ మొదలుపెట్టాల్సి రావచ్చు అన్నారు." మళ్ళీ తనే, "నిన్న క్లాసులో కూడా చెప్పేశాను, ఆ గృహిణికి నేను చెప్పిన పద్ధతి పనిచెయ్యలేదని. కొన్నాళ్ళు క్లాసు ఆపేస్తున్నాను. సొంత అమ్మనే చూసుకోలేనిదాన్ని, పైవాళ్ళకేం చెబుతాను?" అంది.

గొంతు బాగాలేదు దానికి. జలుబు చేసినట్టుంది.

రాత్రి ఒక రసం తిన్నాను. ఈ బుట్టలో పళ్ళు బాగాలేవు. పుల్లగా ఉన్నాయి.

మే 27, మంగళవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున్న వెళ్ళేసరికి నిర్మల గుమ్మంలో కూర్చుని పాదానికి కట్టు కట్టుకుంటోంది. కొత్త చెప్పు ఒరుసుకుందట. ఎప్పుడంటే, ఈస్టరుకి ముందు అంది. నెల దాటిపోయింది. ఇంకా పచ్చిగానే ఉంది.

ఫోన్ ఆనించాను. మూడువందల పన్నెండు. కాఫీ కూడా తాగలేదు అప్పటికి.

"ఎంత వదినా?"

"నూట ఇరవై."

"రోజూ నూట పదీ, నూట ఇరవైయేనా?" అంది. కట్టు కట్టడం ఆపి నా మొహంలోకి చూసింది. పరీక్షల్లో పిల్లలు చూచిరాత రాస్తుంటే టీచర్లు చూస్తారే, ఆ చూపు.

నేను ఇంటికొచ్చి, ఫ్రిజ్ మీద డబ్బా, పాత మిషన్ తీసుకుని మళ్ళీ వెళ్ళాను. ముందు నా వేలు గుచ్చుకున్నాను. నూట నలభై ఎనిమిది. అయితే మిషన్ బాగానే ఉంది. నిర్మల వేలు ఇచ్చింది. మొహం గోడ వైపు తిప్పుకుంది.

మూడువందల నాలుగు.

"మూడువందల నాలుగు వదినా," అన్నాను. ఆవిడకి నేను చెప్పిన మొదటి నిజం అంకె.

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "మా అమ్మకి యాభై నిండకుండానే చూపు పోయింది," అంది గోడతో చెబుతున్నట్టు. "ఎదురొచ్చిన కోడలినే ఎవరమ్మా నువ్వు అని అడిగేది. శుక్లాల ఆపరేషన్ చెడిందని ఊరందరికీ చెప్పాం. షుగరు అది."

"మరి మీ వంశంలోనే లేదన్నావు?"

"అన్నాను. అంటూ ఉంటే రాదనిపించేది. నాలుక ఎండిపోతుంటే తెలీదా నాకు? జాకెట్లు వదులైపోతుంటే తెలీదా? నా పేరు మీద పరీక్ష చేయించుకునే ధైర్యం లేకపోయింది. నువ్వు ఈ బిళ్ళ తెచ్చేసరికి, దేవుడే పంపాడనుకున్నాను. పేరు నీది, అంకె నాకు తెలుస్తుంది. రోజూ నిన్ను అడిగాను కదా వదినా. రోజూ అడిగాను. నువ్వు నూట పది అన్నప్పుడల్లా లోపలికెళ్ళి ప్రార్థన చేసుకున్నాను, కృతజ్ఞతతో."

నేను మిషన్‌ని డబ్బాలో సర్దబోయాను.

"మామిడిపళ్ళ కోసమా?" అంది.

చేతికున్న బిళ్ళ పీకి నా ఒళ్ళో పడేసింది. లోపలికెళ్ళి గడియ పెట్టుకుంది.

మిషన్ చెడిపోయిందనుకున్నాను అని పైన రాశాను. అనుకోలేదు. స్ట్రిప్పులు కూడా శనివారం నాటికి పాత డబ్బాలో నాలుగున్నాయి.

మే 28, బుధవారం

గీత తెగిపోయిందని ఇందుజ భయపడి తెల్లారేసరికే వచ్చేసింది. రాగానే నా నుదురు ముట్టుకుని చూసింది. కాళ్ళు చూసింది. ఆసుపత్రి సంచి సర్దమంది. నేను కూర్చోమని చెప్పి మొత్తం చెప్పేశాను. ఆయన వరండాలోంచి లేచొచ్చి గుమ్మంలో నిలబడి విన్నారు.

ఇందుజ మొహం చూడలేకపోయాను. ముందు ఎర్రబడింది. "నేను క్లాసు ఆపేశానమ్మా," అంది. తర్వాత కుర్చీలో కూలబడి, "నీకు బానే ఉందా? నీకు నిజంగా బానే ఉందా?" అని రెండు మూడుసార్లు అడిగింది. నవ్వుతోందో ఏడుస్తోందో దానికే తెలీదు. ఉన్నట్టుండి లేచింది. "ఆంటీ ఎక్కడ? పరగడుపున మూడువందలు, కాలికి పుండు, నువ్విక్కడ కూర్చుని కథ చెబుతున్నావా?"

కొడుకూ కోడలూ అప్పటికే డ్యూటీలకి పోయారు, నిర్మల తలుపు తియ్యలేదు. ఇందుజ పిలిచింది. "నాకేం లేదమ్మా, మీరెళ్ళండి," అంది లోపల్నుంచి. ఆయన వెళ్ళి, "చెల్లెమ్మా, ఇంట్లోదాని బుద్ధి నాకు తెలుసు, నా మొహం చూసి తియ్యి," అన్నారు. "తాతాజీ అన్నయ్యగారూ, మీ మీద నాకే కోపమూ లేదు, ఆవిణ్ణి తీసుకెళ్ళిపోండి," అంది.

ఎండ ముదురుతోంది. నేను ఆవిడ గుమ్మంలో కూర్చున్నాను. తెలుగులో చెప్పాల్సింది ఏదీ నోటికి రావడం లేదు. తప్పయింది అంటే సరిపోదు. కిటికీ దగ్గరికి జరిగి, నాకొచ్చిన హిందీలో క్షమించమని గట్టిగా అన్నాను:

"నిర్మలాజీ! మై మాఫీ మాంగ్‌తా హూ!"

గడియ కదల్లేదు. మళ్ళీ అన్నాను. వీధిలో పాల ప్యాకెట్లవాడు బండాపి చూస్తున్నాడు. మూడోసారి ఇంకా గట్టిగా అన్నాను.

"మాంగ్‌తా కాదు, మాంగ్‌తీ," అంది లోపల్నుంచి. "ఆడదానివి."

"మాంగ్‌తా హూ!"

"మాంగ్‌తీ!"

"నాకు ఇలాగే వచ్చు. వచ్చి దిద్దు."

గడియ తీసిన చప్పుడైంది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. "హిందీని కూడా చంపేస్తావు నువ్వు," అంది. పుండు లేని కాలు తన చెప్పులో పెట్టింది. రెండోదానికి నా పాత మెత్తటి చెప్పు ఇచ్చాను.

ఏలూరులో డాక్టరుగారు రక్తం తీశారు, పుండు కడిగారు. మాత్రలు రాసి, కొన్నాళ్ళు ఇన్సులిన్ తప్పదన్నారు. తిండి సంగతి ఇందుజ మాట్లాడతానంది, డాక్టరుగారు సరేనన్నారు. మాత్రా తిండీ రెండూ జోడెద్దుల్లా పనిచెయ్యాలి, ఒకదాన్ని విప్పేస్తే బండి కదలదు అన్నారు. కళ్ళ పరీక్షకి మాత్రం శుక్రవారం రమ్మన్నారు.

ఆ మాట వినగానే నిర్మల నా మోచెయ్యి పట్టుకుంది. గడప దాటాక అప్పటిదాకా నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. పట్టుకున్నాక కూడా మాట్లాడలేదు.

మే 29, గురువారం

మిగిలిన రసాలు ఎదురింటివాళ్ళకి ఇచ్చేశాను.

రెండు ఉంచాను.

మే 30, శుక్రవారం

ఇందుజకి పరీక్షల ఇన్విజిలేషన్ డ్యూటీ పడింది. ఆయన ఉండిలో పొలానికి వెళ్ళారు, నారుమడి పని. మేమిద్దరం ఆటోలో ఏలూరు వెళ్ళాం.

నిర్మల కళ్ళలో చుక్కలేసి కూర్చోబెట్టారు. పిలిచేదాకా సన్నగా ఏదో పాట పాడుకుంటూనే ఉంది. నేను పక్కన కూర్చుని, ఏ పండూ ముట్టనని మొక్కుకోబోయి ఆగిపోయాను. నా మొక్కుల సంగతి దేవుడికి తెలుసు. ఊరికే కూర్చున్నాను.

కళ్ళ డాక్టరమ్మ చాలాసేపు చూసింది. "లోపల అక్కడక్కడా చిన్న చుక్కలు మొదలయ్యాయండీ. చూపుకి ఇప్పటికి ప్రమాదం లేదు. షుగరు అదుపులో పెట్టుకుని ఆరు నెలలకోసారి వస్తూ ఉండండి. ఇంకో ఏడాది ఊరుకుని ఉంటే వేరేగా మాట్లాడుకోవాల్సి వచ్చేది."

బయటికొచ్చాక నిర్మల మెట్ల మీదే నిలబడిపోయింది. మందు చుక్కలకి ఇంకా ఏమీ సరిగా కనపడటం లేదట. "నీ చెత్త ప్రయోగమే లేకపోతే నేను వచ్చేదాన్ని కాదు," అంది. నేను ఊపిరి తీసుకోబోయేంతలో, "అలాగని నిన్ను క్షమించాననుకోకు," అంది.

"అనుకోను."

"ఆకలేస్తోంది."

బస్టాండు ఎదురుగా ఉన్న హోటల్లో కూర్చోబెట్టాను. "ఆవిడకి ఒక పెసరట్టు, ఉప్మా లేకుండా," అని గట్టిగా చెప్పాను. నాకు మాత్రం గోడ మీద బోర్డు వైపు వేలు చూపించి సైగ చేశాను. సర్వరు తెలివైనవాడు, చడీచప్పుడు లేకుండా నా ముందు పెట్టి వెళ్ళాడు.

నిర్మల పెసరట్టు ముక్క నోట్లో పెట్టుకుని ఆగింది. "కనపడనిది కళ్ళే వదినా. ముక్కు బానే ఉంది. మైసూర్ బజ్జీ."

ఇంకేం దాస్తాను? "అవును."

"ఎన్ని?"

"నాలుగు."

చెయ్యి చాపి ప్లేటు మీద ఒక్కొక్కటీ వేలితో ముట్టుకుని లెక్కపెట్టింది. నాలుగే. చట్నీ గిన్నెలో కూడా వేలు పెట్టి చూసింది, అక్కడేమైనా దాచానేమోనని.

"మిగతావి వెనక్కి పంపించు," అని ఒకటి తీసుకుంది. రెండు చేసి, సగం నాకిచ్చింది. చిన్న సగం. పెసరట్టులో కూడా సగం తుంచి నా వైపు జరిపింది. "మెల్లిగా తిను. తినేసి బస్టాండు చుట్టూ రెండు రౌండ్లు. ఇంటికెళ్ళాక వేలు నాకు ఇవ్వాలి. ముందు నీది, తర్వాత నాది. అంకె నేనే చదువుతాను."

"నీకు కనపడొద్దూ?"

"కనపడేదాకా కూర్చుంటాను."

బయట ఎండ మండిపోతోంది. ఆవిడ కొంగు నెత్తి మీదకి లాక్కుని చెయ్యిచ్చింది. పట్టుకున్నాను. బస్సులూ ఆటోలూ హారన్లు మోగిస్తున్నాయి. ఆవిడకి అన్నీ అలికేసినట్టు కనపడుతున్నాయట. నాలుగడుగులు వేశాక, "వదినా, కుడివైపు గుంట ఉంది, ఎడమకి రా," అన్నాను.

ఒక్క క్షణం ఆగింది. ఎడమకి అడుగేసింది.

గుంట నిజంగానే ఉంది.